బల్ల మీదా, బట్టల కిందా

ఒమన్‌లోని మబేలాలో మాదో రేకుల షెడ్డు. అందులో కరెంటుతో నడిచే ధూపకుంపటి తయారు చేస్తాం. పైన చిన్న గిన్నె, కింద వేడెక్కే ప్లేటు, పక్కన స్విచ్చు. ఇక్కడివాళ్లు బొగ్గులు రాజేసి లుబాన్ పొగ వేసుకుంటారు. లుబాన్ అంటే మన సాంబ్రాణికి అన్న లాంటిది. మా కుంపటికి బొగ్గు అక్కర్లేదు. ఆలోచన కడప రహీం భాయ్‌ది, చేతులు నావి. డబ్బా మీద పేరు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

బౌషర్‌లో ఒక పెద్ద దుకాణం మేనేజరు మా సరుకు చూసి మెచ్చుకున్నాడు. భద్రత ముద్ర ఉంటే రంజాన్‌కు ముందు ఎన్నిచ్చినా తీసుకుంటానన్నాడు, లేకుంటే ఒక్కటి కూడా వద్దన్నాడు. అదే వారం మా అర్బాబ్, అంటే షెడ్డు యజమాని సాలిం, ఇంకో మాట చెప్పాడు. షెడ్డును టైర్లు అమ్మేవాడొకడు అడుగుతున్నాడట. ఈ సరుకు కదలకపోతే అతనికే ఇస్తాడట. అప్పుడు రహీం వ్యాపారం పోతుంది, నేను మళ్లీ సైట్‌లో ఇటుకలు మొయ్యాలి. ఆ మాట వింటేనే నా నడుము మూలిగింది.

ముద్ర ఇప్పించే ఏజెంటు రఘుపతి, మా పక్క జిల్లా నిజామాబాద్ మనిషే, రువీలో ఏసీ గదిలో టై కట్టుకుని కూర్చుంటాడు.

"వస్తువు దేనికి వాడుతరో మీరే రాసియ్యాలె. దాన్నిబట్టే పరీక్ష," అన్నాడు. "బల్ల మీద పెట్టుకునేదని రాస్తే అల్కగ అయిపోతది. బట్టలకు దగ్గర పెట్టేదని రాస్తే, ల్యాబోళ్లు దాని మీద గుడ్డ కప్పి చూస్తరు. ఫెయిలైతే మళ్ల మొదటికొస్తది."

రహీం నవ్వాడు. "నిప్పు మింద గుడ్డ ఎవడు కప్పుతాడు సార్? బల్ల అనే రాయండి."

నాకూ అదే సబబనిపించింది. మా జగిత్యాల వైపు ధూపం దేవుడి పటం ముందు పెడతాం, రహీం వాళ్లు దర్గాలో వేస్తారు. ఈ దేశంలో ఇన్నేళ్లు గోడలు కట్టాను. ఇటుకలు పేర్చినంతకాలం ఇల్లంతా నాదే, రంగులు పడ్డాక గేటు దాటనివ్వరు. లోపల ఎవరెలా బతుకుతారో నాకేం తెలుసు?

రహీం భార్య సఫియా వదినకు తెలుసు. ఆమె అబాయాలు, అంటే బట్టల పైన వేసుకునే పొడుగు నల్ల అంగీలు, కుట్టడానికి ఒమనీ ఆడవాళ్ల ఇళ్లలోకి వెళ్తుంది. ఆమెను అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

మరునాడు ఆమె సాలిం వాళ్ల అమ్మ జుఖాను షెడ్డు చూపించడానికి తీసుకొచ్చింది. ముసలమ్మకు హిందీ బాగా వచ్చు. రహీం మహా మర్యాదగా కుర్చీ వేసి, బల్ల మీద కుంపటికి స్విచ్చు వేసి, లుబాన్ పలుకులు వేశాడు. పొగ లేచింది. ఆమె కళ్లు మూసుకుని పీల్చి, కుంపటిని కింద పెట్టమంది. పెట్టాను. వచ్చి దాని మీద నిలబడి అబాయాను చుట్టూ జారవిడిచింది, కోడిపెట్ట గుడ్ల మీద పొదిగినట్టు.

రహీం మొహం పాలిపోయింది. "అమ్మాజీ, అది బల్ల మీద పెట్టేది."

"బల్లకెందుకు వాసన? పెళ్లికి పోతుందా?" అంది ముసలమ్మ.

అంతలో వాసన మారింది. లుబాన్‌లో ఇంకేదో కలిసింది. వదిన ఆమె చెయ్యి పట్టి పక్కకు లాగింది. అబాయా అంచున రూపాయి బిళ్లంత మచ్చ పడింది.

"మా బొగ్గు కుంపటి ఇన్నేళ్లలో ఒక్క దారం కాల్చలేదు," అంది జుఖా, మచ్చను వేలితో తడుముతూ. "మీ కరెంటుకు ఆకలెక్కువ."

అంచు సరిచేసిస్తానని చెప్పి ఆమెను సాగనంపాక, వదిన మా వైపు తిరిగింది. "ఇక్కడ ఏ ఇంట్లో చూసినా ఇంతే. చెక్క చట్రం మింద బట్టలేసి కింద కుంపటి పెడతారు. బల్ల మింద పెట్టుకోని దాని మొగం చూస్తా కూచుంటారనుకున్యారా?"

"ముందే చెప్పుంటే?" అన్నాడు రహీం.

"ముందే అడిగుంటే?"

రహీం నా వైపు చూశాడు. "పేపర్లో బల్ల అనే ఉంది. బట్టలేసుకుంటే వాళ్ల ఖర్మ. గుడ్డ పరీక్షకు పోయి అది ఫెయిలైతే టైర్లోడు ఈడ కూచుంటాడు. ఏమంటావు భీమన్నా?"

"అనేదేముంది? రఘుపతి సారు కాయితమిచ్చి రువీల సల్లగ కూసుంటడు. రేపు ఎవలదన్న పెండ్లిబట్ట కాలితే, ఎతుక్కుంట వచ్చేది ఈ రేకుల షెడ్డుకే. దొరికేది మనమే. మంది తప్పులు నా నెత్తిన పడుడు కొత్తగాదు గని, నా చేతులతోటి చేసినదానికి పడుడు మాత్రం వద్దు."

"నీ నోట ఎప్పుడన్నా తీపి మాట వస్తాదా అన్నా?"

"డాక్టర్ చక్కెర బంద్ చెయ్యమన్నడు."

వదిన మా మాటలు వినడం లేదు. "ఊర్లో బిడ్డకు తలకు పోసినాక ఏం చేస్తాం? సాంబ్రాణి మింద గంప బోర్లించి, దాని మింద జుట్టు ఆరబెడతాం. ఏ బిడ్డ జుట్టన్నా కాలిందా?" అంటూ షెడ్డు మూలనున్న ఇనుప తీగల బుట్టలోంచి ఉల్లిగడ్డలు కుమ్మరించి, దాన్ని కుంపటి మీద బోర్లించింది. కప్పడానికి నా భుజం మీది తువ్వాల లాక్కుంది. మొగుడిది కాదు, నాది.

ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. సాయంత్రమైనా తువ్వాల కాలలేదు. పుట్టి ఇన్నాళ్లకు దానికి మనుషుల్లో తిరగదగ్గ వాసన వచ్చింది.

మేం తీగల గంపను ఊడిరాకుండా కుంపటికే బిగించాం, వేడి మితిమీరితే కరెంటు దానంతటదే ఆగేలా ఒక కట్‌ఆఫ్ పెట్టాం. రఘుపతికి ఫోన్ చేసి, బల్ల కొట్టేసి బట్టలని రాయమన్నాం.

"మీ కర్మ. తర్వాత నన్ననొద్దు," అన్నాడు.

ల్యాబ్‌లో ఒమనీ ఇంజినీరు కుర్రవాడు కుంపటిని లోపలికి తీసుకెళ్లి తలుపేసుకున్నాడు. వరండాలో రహీం పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. నేను కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. ఆయన నా మాట వినడం మానేసి చాలాకాలమైంది, అయినా అడగడం మానలేదు.

తలుపు తెరుచుకుంది. ఇంజినీరు చేతిలో మడతపెట్టిన తెల్లగుడ్డ ఉంది. విప్పి చూపించాడు. ఎక్కడా మచ్చ లేదు.

"పాసైంది. కాగితం తర్వాత వస్తుంది," అన్నాడు హిందీలో. ఆ తర్వాత ఇంకా వెచ్చగా ఉన్న గంప దగ్గరికెళ్లి, తన అల్లికల టోపీ తీసి దాని మీద పెట్టాడు. వెనక ఇంకో ఇద్దరు టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

రహీం బౌషర్ మేనేజరుకు ఫోన్ చేశాడు. రంజాన్ లోపల తెమ్మన్నాడు. తర్వాత సాలింకు చేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ చొక్కా కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

"షెడ్డు మనదేనంట. కానీ టైర్లోడు ఇప్పుడే వచ్చి టేపుతో కొలతలు తీసుకుంటాండాడంట. మనమే చెప్పాలంట. పాపం, మొగం మింద ఎట్ల చెప్పేదన్నా?"

"నువ్వు బండి తియ్యి. నేను చెప్త," అన్నాను.

టైర్లవాడికి చెప్పబోయే మాటలే దారి పొడుగునా మనసులో కూర్చుకున్నాను. ఈ దేశానికొచ్చాక నేను ఇష్టపడి ఒప్పుకున్న డ్యూటీ అదొక్కటే.