ఏటి అడుగున అమ్మోరు

గునపం మొన రాయి కిందికి దిగింది. ఎంకన్న భుజం ఆనించి ఒత్తాడు. నల్లరాయి ఎర్రమట్టిని వదిలి ఒక్క దొర్లు దొర్లింది. సముద్రం అవతలి దీవిలో, రివియేర్ దు రాంపార్ చెరకు తోటల్లో ముప్పై ఏళ్లుగా అతని పని ఇదే. నేలలోంచి రాళ్లు పెకలించడం, మోసుకెళ్లి చాళ్ల చివర గుట్ట పెట్టడం. కుడి భుజం మీద చర్మం కాయకాచి మొద్దుబారింది. ఎడమచేతి రెండు వేళ్లకు గోళ్లు లేవు.

రెండు నెలలుగా అతని పక్కన ఎవరూ పనికి నిలబడటం లేదు.

నిరుడు భార్య రత్నమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు, అంటుకుంటుందని కూలీల కాంపులో ఎవరూ వాళ్ల గడప తొక్కలేదు. రోజ్ బెల్ ఊరి నుంచి వచ్చిన తెలుగు బోధకుడు మాత్రం తొమ్మిది రోజులు ఆమె తలాపున కూర్చున్నాడు. ఆమె బతకలేదు. అయినా ఆ బోధకుడి దేవుణ్ణి ఎంకన్న వదల్లేకపోయాడు. మొన్న వేసవిలో బాప్తిస్మం తీసుకున్నాడు. చెల్లెలు పాపమ్మ మొగుడు వీరాస్వామి కూడా అతనితోపాటే నీళ్లలో మునిగాడు.

ఆ వారమే మామిడిచెట్టు కింద ఉండే అమ్మోరు రాయి మాయమైంది. కొత్త భక్తి ఊపులో దాన్ని రాత్రికి రాత్రి దొర్లించుకుంటూ పోయి ఏట్లో పడేసింది వీరాస్వామి. తెల్లారగానే ఎంకన్న దగ్గరికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. సాయంత్రం కాంపు పెద్ద గోవిందు నిలదీసేసరికి ఎంకన్న వైపు వేలు చూపించాడు.

"మా బావే పారేసినాడు," అన్నాడు.

పాపమ్మ ముగ్గురు పిల్లల్ని పొదువుకుని అన్నవైపు చూసింది. కాంపులోంచి గెంటేస్తే వాళ్లకు నిలువనీడ లేదు. ఎంకన్న అవుననలేదు, కాదనలేదు. మర్నాటి నుంచి కొళాయి దగ్గర ఆడవాళ్లు అతన్ని చూసి కుండలు పక్కకు లాక్కున్నారు. పాపమ్మ కూడా లాక్కుంది.

మధ్యాహ్నం చల్లారిన అన్నం ముందు కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన సాగింది కానీ, తప్పు చేసినవాళ్లను మన్నించే మాట దగ్గర రోజూలాగే నాలుక ఆగిపోయింది. ఆ మాట మింగేసి ఆమెన్ అన్నాడు. సిగ్గేసింది.

అప్పుడే మామిడిచెట్టు వైపు నుంచి ఏడుపు వినిపించింది. ముసలి నర్సమ్మ. అతని తల్లి వచ్చిన ఓడలోనే వచ్చిన మనిషి. ఆమె మనవరాలికి ఒళ్లంతా పొక్కులు. రాయి లేని గుంట ముందు కూలబడి నేల తడుముతోంది.

"నువ్వే లేకపోతే నానెవుల్ని అడగాలే తల్లీ?"

ఎంకన్న అన్నం ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేశాడు.

పని ముగిశాక వీరాస్వామిని చెరకు గట్టు మీద ఆపాడు.

"ఏ మడుగులో పడేసినావో సూపించు."

"ఒద్దు బావా! నువ్వు తెస్తే, నువ్వే పారేసినావని కాయమైపోద్ది."

"తెల్సు."

"మరి మన దేవుడు ఒప్పుకుంటాడేటి?"

గునపం మీద ఎంకన్న వేళ్లు బిగుసుకున్నాయి. ప్రభువా, వీణ్ణి కొట్టకుండా నా చేతులు పట్టుకో, అనుకున్నాడు. గునపాన్ని గట్టులోకి గుచ్చి చేతులు వదిలేశాడు.

"నాకది రాయే. నర్సమ్మకి కాదు. ఆలది ఆలకిచ్చెయ్యాల."

వీరాస్వామి దూరం నుంచే మడుగు చూపించి వెళ్లిపోయాడు.

ఎంకన్న చొక్కా విప్పి గట్టు మీది జామకొమ్మకు తగిలించి, మొలలోతు నీళ్లలోకి దిగాడు. అడుగున కాళ్లతో వెతికాడు. ఎన్ని వేల రాళ్లెత్తిన చేతులో, ఆ రాయిని పట్టగానే పోల్చుకున్నాయి. మూడోసారికి భుజానికెత్తుకోగలిగాడు. చెట్టుదాకా అర మైలు. దారిలో రెండుసార్లు ఎడమ రొమ్ములో ఏదో మెలిపెట్టింది. రాయి దించితే మళ్లీ ఎత్తలేనని తెలుసు. దించలేదు.

గుంటలో రాయిని నిలబెట్టి, చుట్టూ మట్టి కూరి, మానుకు ఆనుకుని కూర్చున్నాడు. మింగేసిన మాట ఆ రోజు పైకే వచ్చింది. "వీరాస్వామిని మన్నించు తండ్రీ. నానూ మన్నించినాను."

దీపం పెట్టడానికి వచ్చిన నర్సమ్మ, ముందు రాయిని చూసి అరిచింది. తర్వాత అతన్ని చూసింది. అతని ఒళ్లు అప్పటికే చల్లబడింది.

కాంపంతా చేరింది. "పారేసినోడే తెచ్చినాడు. పోనీలే, దిద్దుకున్నాడు," అన్నాడు గోవిందు.

వీరాస్వామి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎంకన్న కాళ్ల మీద పడ్డాడు. "ఈయన కాదు. నాను! నానే పారేసినాను!"

గోవిందు అతని వీపు నిమిరాడు. "బావ మీద పేమతో అంటన్నావులేరా. లెగు."

ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. పాపమ్మ ఒక్కతే తల దించుకుంది.

ఏటి గట్టున జామకొమ్మకు చొక్కా అలాగే ఉంది, చెమటకు తెల్లబడిన మెడపట్టీతో, గాలికి ఒక చేయి మాత్రం కదులుతూ.