కౌంటెస్ కొట్టిన గంట

ఈ మ్యూజియం వాళ్లు నా కింద 'ఇండియా కంచు పళ్లెం' అని చీటీ అంటించారు గానీ, నాలో అన్నం తిన్నవాడు ఇంతవరకూ లేడు. నేను జేగంటను. అన్నానికి పిలవడమే నా పని. శ్రీకాకుళం వైపు ఒక కంచరి కొట్టంలో పుట్టాను. నన్ను చేసిన అప్పలనర్సయ్య మొదటి దెబ్బ కొట్టి, "దీని గొంతు ఇన్నోడెవుడైనా కూటికి లెగిసి రావాల!" అన్నాడు.

అక్కడ కొలువు చేసిన ఒక దొర నన్ను కొని, ఓడెక్కించి, ఇంగ్లండులోని తన అన్నకు కానుకగా పంపాడు. ఆ అన్నగారు థార్న్‌వేల్ ఎర్ల్, మన లెక్కలో పెద్ద జమీందారు. ఆ ఇంట్లో సాయంత్రం నన్ను రెండుసార్లు మోగించేవారు. మొదటి గంటకు అందరూ వెళ్లి దుస్తులు మార్చుకోవాలి. రెండో గంటకు హాలులో ఎవరుంటే వారు భోజనానికి రావాలి. ఆ వేళ మనిషిని గుమ్మంలోంచి పంపించేస్తే వంశానికే తలవంపులని ఎర్ల్ తాతగారు పెట్టిన కట్టడి. ఎర్ల్ దేవుణ్ణి ఆదివారాలు తలుచుకునేవాడు, తాతగారిని రోజూ.

ఆయన ఒక్కగానొక్క కూతురు వినిఫ్రెడ్, హ్యూ అనే పశువైద్యుణ్ణి పెళ్లాడింది. గుర్రాలకు మందు పోసేవాడు నాకు అల్లుడా అని ఎర్ల్ మండిపడ్డాడు. వాళ్ల ఆచారంలో పెళ్లికూతురికి తండ్రి చేయి అందించి చర్చిలో నడిపించాలి. ఆయన వెళ్లనే లేదు. ఆ పిల్ల ఒంటరిగా నడిచిందని తెలిసి నాకు చాలా బాధ వేసింది.

ఏడాది తర్వాత, మొదటి గంట మోగిన కాసేపటికి ఆ దంపతులు వచ్చారు. ఎర్ల్ అప్పుడే వేట నుంచి తిరిగొచ్చి, బురద బూట్లతో హాలులో ఉన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

"నాన్నగారూ, ఇవాళ కూడా మమ్మల్ని కాదంటే ఇక ఈ గడప తొక్కను," అంది వినిఫ్రెడ్.

"నీ ఇష్టం," అన్నాడాయన. బట్లర్ వాళ్లను సాగనంపడానికి తలుపు దగ్గరికి నడిచాడు.

ఎర్ల్ భార్య కౌంటెస్ ఆగస్టా, జారిపడ్డ విసనకర్రను కూడా తన చేత్తో తీసుకోని మహాతల్లి. ఆవిడ గబగబా వచ్చి, కొయ్యసుత్తి లాక్కుని, నన్ను ఒక్క బాదు బాదింది. దెబ్బ అంచుకు తగిలి గొంతు కీచుమంది. అయినా ఇల్లంతా వినిపించాను.

"ఇంకా వేళ కాలేదు, ఆగస్టా!" అన్నాడు ఎర్ల్, గడియారం తీసి.

"గంట మోగిందండీ. మీ తాతగారు గడియారం సంగతి చెప్పలేదుగా."

సూపింకా కాగలేదని వంటావిడ లోపల్నుంచి కేకలు పెట్టింది.

విందుకు వెళ్లేటప్పుడు ఇంటి యజమాని అతిథిగా వచ్చిన స్త్రీకి చేయి అందించాలి. హాలులో అలాంటి స్త్రీ ఒక్కతే ఉంది. ఎర్ల్ తన బూట్లు చూసుకున్నాడు. గోడ మీది తాతగారి పటం చూశాడు. చివరికి కూతురి వైపు మోచేయి వంచాడు.

భోజనాల గది ఎంతో దూరం లేదు. ఆయన కూతుర్ని ఎంత నెమ్మదిగా నడిపించాడంటే, వాళ్లు బల్ల దగ్గరికి చేరేసరికి సూపు కాగింది.