నేను ఒత్తిన అక్షరాలు

నేను ఒక జంతికల గొట్టాన్ని. ఇత్తడిదాన్ని. పుట్టింది అజ్జరంలో, కంచరి కొలిమి పక్కన. కనకరత్నమ్మ పెళ్ళి సారెలో పాలకొల్లు వచ్చాను. ఆవిడ కాపురం ఎంత పాతదో నాదీ ఈ ఇంట్లో అంత పాతది.

నాకు కాస్త కోపం ఎక్కువ. కారణం లేకపోలేదు. పిండిలో కాచిన నూనె పోయరు, నీళ్ళు సరిపడా కలపరు. పిండి దిగకపోతే మాత్రం "దిక్కుమాలిన గొట్టం, మొరాయించింది" అంటారు. ఇంకాస్త గట్టిగా నొక్కితే అదే దిగుతుందనుకుంటారు. మనుషుల తీరే అంత.

కనకరత్నమ్మ మనవరాలు వకుళ విషయంలోనూ ఇదే జరిగింది. పిల్ల చురుకైనది. ఒకసారి విన్న పాట మర్చిపోదు. వీధిలో ఎవరింట్లో ఏ గొడవ జరిగిందో పూసగుచ్చినట్టు చెబుతుంది. పుస్తకం ముందు కూర్చోబెడితే మాత్రం నోరు పెగలదు. మూడో తరగతికి వచ్చినా మ, య దానికి ఒకటే. నిన్న చదివిన మాట ఇవాళ కొత్త ముఖం పెట్టుకుని వచ్చేది. వాళ్ళ నాన్న సూర్యారావు బద్ధకం అన్నాడు. బడిలో పిల్లలు మొద్దు అన్నారు. వకుళ ఆ మాటే నమ్మేసింది. నాకు అదే బాధ.

లోపం ఎక్కడుందో కనకరత్నమ్మ తానే కనిపెట్టింది. అక్షరాభ్యాసం నాడు పురోహితుడు ఇంకెక్కడో పెళ్ళికి వెళ్ళాలని తొందరపడి, తంతు సగంలో తేల్చేశాడట. ఇంకేముంది, పిల్లకి రెండోసారి అక్షరాభ్యాసం. సరస్వతి గుడిలో చంటిపిల్లలు బియ్యం పళ్ళేల ముందు రాగాలు తీస్తుంటే, వాళ్ళ మధ్య వకుళ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పూజారి దాన్ని చూసి "తమ్ముణ్ణి తీసుకొచ్చావా అమ్మా?" అని అడిగాడట. పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి, గుళ్ళో ఇచ్చిన పలకను నా గూట్లో, డబ్బాల వెనక దాచేసింది.

ఆ ఏడే బడికి రోజ్‌మేరీ టీచర్ కొత్తగా వచ్చింది. కొన్నాళ్ళు వకుళ చేత చదివించి చూసి, భీమవరంలో పరీక్ష చేయించి, ఇంటికొచ్చి చెప్పింది.

"దీన్ని డిస్లెక్సియా అంటారండి. తెలివి తక్కువై కాదు. అక్షరాన్నీ శబ్దాన్నీ కలుపుకోవడం ఈ పాపకి కష్టం, అంతే."

"మందేదైనా ఉందా అమ్మా?" అంది కనకరత్నమ్మ.

"మందు లేదండి. నేర్పే పద్ధతే మార్చాలి. అక్షరాన్ని చేత్తో చెయ్యాలి, తాకాలి, పైకి పలకాలి. రోజూ కాసేపు చాలు."

బంకమట్టితో మొదలుపెట్టారు. వకుళకి అది నచ్చలేదు. ఒక సాయంత్రం కనకరత్నమ్మ జంతికలు ఒత్తుతూ, నన్ను పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళింది. వకుళ నన్ను ఎత్తుకుని తడిగుడ్డ మీద పెద్ద 'అ' ఒత్తింది. కనకరత్నమ్మ వచ్చి చూసి, తిట్టబోయి ఆగి, దాన్ని జాగ్రత్తగా ఎత్తి నూనెలో వేసింది. పిల్ల ఆ అక్షరాన్ని పైకి పలికి కరకరా నమిలేసింది. ఇన్నేళ్ళలో నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

టీచర్‌కి చెబితే నవ్వి, "ఇదే కానివ్వండి" అంది. నియమం ఒకటే, చదివితేనే తినాలి. ఒత్తులతోనే తంటా వచ్చింది. అక్షరం కింద అతికించిన ఒత్తు నూనెలో పడగానే విడిపోయి ఒంటరిగా తేలేది. "అదిగో మామ్మా, పారిపోతోంది" అని వకుళ పకపకా నవ్వేది. అక్షరాల ముందు ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలు. తప్పొచ్చినవన్నీ సూర్యారావు వాటా. అవీ రుచిగానే ఉండటంతో అతను తిట్టడం మానేశాడు.

రాత్రికి రాత్రే చదువొచ్చేసిందనుకునేరు. ఏడాది పైనే పట్టింది. అక్షరాలు అయ్యాక మాటలు, మాటలు అయ్యాక పుస్తకం. వరుస కింద అట్టముక్క పెట్టుకుని, వేలు జరుపుకుంటూ మెల్లిగా చదివేది.

ఇంతలో శ్రావణం వచ్చింది. ఈ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం నాడు కథ ఇంటి ఆడపిల్లే చదవాలి. నిరుడు వకుళ కడుపునొప్పి అని దుప్పటి ముసుగేసుకుంటే, పక్కింటి అమ్మాజీ రైలుబండిలా చదివేసి, "ఈ పిల్లకి చదువు అబ్బదులెండి పిన్నిగారూ" అంది. దుప్పటి కింద పిల్ల ఆ మాట వింది. ఈసారి తానే చదువుతానంది. అంతమంది ముందు ఆగిపోతే మళ్ళీ పుస్తకం ముట్టదేమోనని కనకరత్నమ్మ భయం. నాకూ అదే భయం.

నా గూట్లోంచి హాలంతా కనిపిస్తుంది. పొద్దుటి నుంచీ ఉపవాసం ఉన్న ఆడవాళ్ళు దోసిళ్ళలో అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు. కథ పూర్తయ్యేదాకా అవి చేతిలోనే ఉండాలి, మధ్యలో లేవకూడదు. వకుళ మొదలుపెట్టింది. ఒక మాట చదివి ఆగుతుంది, ఇంకో మాట చదువుతుంది. ఎవరి కడుపో గుర్రుమంది. రెండో పేజీలో, ఒత్తుల మీద ఒత్తులున్న ఒక మాట దగ్గర గొంతు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇలా తే అమ్మడూ, నేను చదివేస్తాను," అంది అమ్మాజీ.

"చేతినిండా అక్షింతలున్నాయి కదా అమ్మాజీ, పుస్తకం ఎలా పట్టుకుంటావు?" అంది కనకరత్నమ్మ నెమ్మదిగా. తర్వాత మనవరాలితో, "నువ్వు కానియ్ తల్లీ. మాకేం తొందర్లేదు," అంది.

వకుళ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. రెండు పిడికిళ్ళూ బిగించి, నన్ను ఒత్తేటప్పటిలా గాల్లో కిందికి నొక్కింది. పెదవులు కదిలాయి. ముందు ముక్కలుముక్కలుగా, తర్వాత మొత్తంగా ఆ మాట బయటికొచ్చింది. నేను గూట్లోంచి కింద పడకుండా ఉండటమే గొప్ప.

కథ ముగిసింది. అక్షింతలు అమ్మవారి మీద పడ్డాయి. అందరూ పులిహోర కోసం లేవబోతుంటే అమ్మాజీ కోడలు రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యో, కథ అయిపోయిందాండీ?"

"కూర్చో అక్కా," అంది వకుళ, మొదటి పేజీ తీస్తూ. "మళ్ళీ మొదట్నించీ చదువుతాను."

అమ్మాజీ పులిహోర గిన్నెకేసి ఒకసారి, కోడలికేసి ఒకసారి చూసింది. తర్వాత అందరికంటే ముందు తానే చేయి చాచి అక్షింతలు తీసుకుంది.