నీళ్ళు మర్చిపోయినా సరే

మనీప్లాంటు ఆకుల మీది దుమ్మును తడిగుడ్డతో తుడుస్తూ అక్క రోజూలాగే దాన్ని తిడుతోంది. "అంత పొగరేమిటే నీకు? పక్కదాని మీద పడి పాకుతావేం?"

ఆ మొక్కల దుకాణంలో ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాడైన యజమానితో సహా. సన్నటి మనిషి. కాస్త ముందుకు వంగిన నడుము. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోని మట్టి. ఇంట్లో చెల్లెలు సణిగేది ఆ మట్టి గురించే. పెళ్ళి నిలవక అక్క, కుదరక చెల్లెలు, దర్జీ కొట్టు పైన ఒకే గదిలో ఒకరినొకరు సాధించుకుంటూ హాయిగానే బతుకుతున్నారు.

ఎండ ముదురుతుండగా ఒకమ్మాయి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"తేలిగ్గా పెరిగే మొక్క ఏదైనా ఉందా అండీ? గదిలో పెడదామని మా ఆయన అంటున్నారు."

"వెలుతురు వస్తుందా తల్లీ?"

"పొద్దున కాస్త వస్తుంది. చిన్న గది. ఉయ్యాల తీసేశాం, ఇప్పుడు ఖాళీగానే ఉంది." అమ్మాయి వెనక్కి తిరగబోయింది. "వద్దులెండి. నా చేతిలో ఏదీ బతకదు."

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. తనకూ ఇద్దరు పుట్టి దక్కలేదు. "దీని చేతిలో ఏదీ బతకదు" అని అత్తగారంటే, భర్త కాదనకుండా తల ఊపాడు. ఆ పూటే పుట్టింటికి వచ్చేసింది. ఈ దుకాణంలో చేరిన కొత్తలో మొక్కను ముట్టుకోవడానికే భయపడి, ఖాళీ కుండీలు మాత్రమే మోసేది.

"ఆ మాట ఇంకెప్పుడూ అనకు" అంది కొంచెం గట్టిగానే.

లోపలికి వెళ్ళి స్నేక్ ప్లాంటు కుండీ ఒకటి తెచ్చింది. కత్తుల్లా నిక్కిన ఆకులు, అంచుల్లో పసుపు చార.

"చూడ్డానికి కోపిష్టిదిలా ఉంటుంది గానీ మనసు మంచిది. నీళ్ళు మర్చిపోయినా ఏమీ అనుకోదు. మరీ ముద్దుచేసి రోజూ పోశావా, వేరు కుళ్ళుతుంది. వేలు గుచ్చి చూడు. లోపల తడి తగిలితే దాని జోలికి పోకు."

అమ్మాయి భయంభయంగా వేలు గుచ్చింది. "పొడిగా ఉందండీ."

"అయితే నువ్వే నీళ్ళు పొయ్యి."

అక్క అందించిన చెంబును అమ్మాయి వంచింది. సగం నీళ్ళు నేల మీద పడ్డాయి.

"ఇది కూడా పోతే?"

"పోతే వచ్చి చెప్పు, ఇంకోటి చూద్దాం. తప్పు నీది కాదు తల్లీ. అప్పుడూ కాదు."

 అమ్మాయి కుండీని చంకనెత్తుకుని, ఆకులకు ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుని నడిచి వెళ్ళింది. అక్క గుమ్మంలోకి వచ్చి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

భోజనమయ్యాక, "కాస్త నడుం వాలుస్తా" అని యజమానితో చెప్పి, వెనక నీడలో ఉన్న పడక్కుర్చీలో పడుకుంది.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. "ఇదేం నిద్రే మహాతల్లీ? లే, కూరగాయల బజారు కట్టేస్తారు" అంటూ భుజం మీద చేయి వేసింది. ఒళ్ళు చల్లబడి, బిగుసుకుని ఉంది.  కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడి, అక్క పాదాల మీద చీర సర్దింది. యజమాని వచ్చి చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళి దుకాణం తలుపు దగ్గరికి వేశాడు.

బోర్లించిన కుండీ మీద సగం తిన్న నారింజ పండు ఉంది. చెల్లెలి వాటా తొనలు, ఆరిపోకుండా, తొక్కలోనే పొదివిపెట్టి ఉన్నాయి.