తల కింద నుంచి మోకాళ్ళ మధ్యకు

నేను ఒక దిండును. మామూలు దిండును కాదు, లావు దిండును. ఆదోనిలో పరుపులు కుట్టే దస్తగిరి నన్ను కుట్టిన రోజున ఎవరితోనో ఎన్నికల గురించి వాదిస్తూ, చేతికందిన బూరుగు దూదినంతా నాలో కూరేశాడు. మూతి కుట్టాక చూస్తే రెండు దిండ్ల దూది ఒకదాంట్లోనే పట్టింది. "పోనీలే, ఎవరో ఒక పెద్దమనిషి కొంటాడు" అన్నాడు. ఆ మాటకు చాలా ఏళ్ళు పొంగిపోయాను. నిజానికి అప్పటికే పొంగి ఉన్నాను, అందులో నా గొప్పేమీ లేదు.

నన్ను కొన్న పెద్దమనిషి పేరు మద్దిలేటి. పత్తి మార్కెట్లో కాటా దగ్గర పని. ఇంటికొచ్చాక ఆయనకు ఒకటే పని, మంచం మీద వాలి టీవీ చూడటం. నేను వచ్చాక ఆయన తల ఎంత పైకి లేచిందంటే, గడ్డం రొమ్ముకు ఆని, తెర మొత్తం కనబడేది. అలాగే చూస్తూ అలాగే నిద్రపోయేవాడు. మనిషిని ఇంత ఎత్తున నిలబెట్టే దిండు ఊళ్ళో ఇంకొకటి లేదని నా గర్వం.

ఒక శ్రావణమాసం ఉదయం ఆయన లేచేసరికి మెడ ఎడమవైపుకు తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. ఆ రోజే అన్న కొడుక్కి ఎమ్మిగనూరులో పెండ్లిచూపులు. వెళ్ళక తప్పలేదు. పిల్లను కుడివైపు కూర్చోబెట్టారట. ఈయన ఎంతసేపూ ఎడమవైపు గోడకున్న క్యాలెండరునే చూస్తూ కూర్చున్నాడట. పెద్దాయనకు పిల్ల నచ్చలేదని లోపల ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారట. సంబంధం కుదిరింది గానీ, కుదిరేదాకా అన్న ఈయనతో మాట్లాడలేదు. చూపుల రోజు సాయంత్రమే ఇంటికొచ్చి జరిగింది చెప్పి, నన్ను చూసి, "దీన్ని అటక మీద పారేయ్" అన్నాడు భార్యతో.

తప్పు నాది ఒక్కదానిదే కాదు, టీవీకీ వాటా ఉంది. కానీ టీవీని ఎవరూ అటక ఎక్కించలేదు.

నేనూ ఎక్కలేదు. ఎందుకంటే ఆయన భార్య సుంకులమ్మకు అటక ఎక్కే మోకాళ్ళు లేవు. నన్ను గది మూలన పడేసి తన పనికి పోయింది. ఆమెకు వీధి మొగలో ఉగ్గాని, బజ్జీల అంగడి ఉంది. పన్నెండేళ్ళుగా ఆమె ఒక్కతే నడుపుతోంది. మూడున్నరకే లేచి, నేల మీద చిన్న పీట వేసుకొని, కళ్ళు మండుతున్నా ఎర్రగడ్డలు తరిగి, బొరుగులు నానబెట్టి, ఆరుకల్లా అంగడిలో పొయ్యి ముందు గొంతుక్కూర్చునేది. మధ్యాహ్నానికి మోకాళ్ళు రెండూ కొబ్బరికాయల్లా ఉబ్బేవి. తెల్లారి మంచం దిగి గోడ పట్టుకొని నిలబడితే, కాళ్ళు మాట వినడానికి పది నిమిషాలు పట్టేది.

ఒక రోజు అంగడి కట్టేసి వచ్చి పడుకొని, నా వంక చూసి, నన్ను లాగి మోకాళ్ళ కింద పెట్టుకుంది. "అబ్బ, పానం లేచొచ్చినట్టుంది" అంది.

ఆ మాటతో నాకు మళ్ళీ గర్వం తలకెక్కింది. తల లేదు గానీ గర్వానికి అది అడ్డం కాదు. ఒక మెడ పోతే పోయింది, రెండు మోకాళ్ళు బాగుచేస్తున్నాను కదా అనుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ నా మీదే ఆమె కాళ్ళు. ఆరు నెలలు అలా గడిచాక ఆమె కాళ్ళు పూర్తిగా చాపడానికి రాలేదు. సగం మూసిన చాకులా మోకాళ్ళు వంచే నడిచేది. నేను మాత్రం నా వైద్యం ఇంకాస్త గట్టిగా చెయ్యాలేమో అనుకుంటున్నాను.

ఒక ఉదయం అంగడిలో లేవబోతుంటే మోకాలు ఒక్కసారిగా పట్టు తప్పింది. ఆసరాకు పట్టుకున్న బల్ల కదిలి పొయ్యికి తగిలి, బాణలిలో కాగుతున్న నూనె ఆమె పాదానికి జానెడు దూరంలో ఒలికింది. ఆ కబురు విని మద్దిలేటి మార్కెట్ నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఇంగ చాలించు. ఇంట్లో కూర్చో" అన్నాడు.

ఆమె గిన్నెలన్నీ కడిగి బోర్లించింది. తెల్లారి అంది: "చాలించేది తర్వాత చూద్దాం. ముందు ఆసుపత్రికి పోదాం పద."

బస్సులో కాళ్ళ కిందికి ఉంటుందని నన్నూ తువ్వాలులో చుట్టి తీసుకుపోయింది. తోటి వైద్యుడిలా నన్నూ పలకరిస్తారని ఎదురుచూశాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, కీళ్ళు అరిగాయి గానీ ఆపరేషన్ దాకా రాలేదని చెప్పి, వ్యాయామాలు నేర్పే గదికి పంపించాడు. అక్కడ ఫిజియోథెరపీ చేసే ప్రసూన అనే అమ్మాయి నన్ను పైకీ కిందికీ చూసింది.

"ఇదేంటమ్మా?"

"మోకాళ్ళ కింద పెట్టుకుంటా మేడమ్. హాయిగా ఉంటాది."

"రాత్రంతానా?"

"రాత్రంతా."

"హాయిగానే ఉంటుంది. కానీ రాత్రంతా కాలు వంగే ఉంటే అట్లాగే బిగుసుకుంటుంది. అందుకే కాళ్ళు చాపలేకపోతున్నారు."

ఆ గదిలో ఉన్న అందరిలో మొహం దాచుకోవలసింది నేనే. అదృష్టం కొద్దీ తువ్వాలు ఉంది.

"ఎన్ని గంటలు నిద్రపోతారు?" అని అడిగింది ప్రసూన.

ఆమెకంటే ముందు మద్దిలేటి అందుకున్నాడు. "దానికేం మేడమ్, తొమ్మిదికే పండుకుంటాది."

"పండుకుంటాను" అంది సుంకులమ్మ. "నిద్ర పట్టేది ఈయన టీవీ ఆపినంకనే. పదకొండు, పన్నెండు అయితాది. మూడున్నరకు లేస్తా."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే గదిలో ఉన్నారు.

"ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు మద్దిలేటి.

"నువ్వు అడగలేదు."

ప్రసూన ఆ గంటలు కాగితం మీద రాసుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "నిద్ర చాలకపోతే అదే నొప్పి రెండింతలు తెలుస్తుందమ్మా. నొప్పితో మళ్ళీ నిద్ర పట్టదు. ముందు నిద్ర సరిచేసుకోండి." గొంతుక్కూర్చోవద్దని, ఎత్తు స్టూలు వేసుకోమని, ఒళ్ళు కొంచెం తగ్గాలని చెప్పి, తొడలు గట్టిపడే వ్యాయామాలు చేయించింది. పక్కకు తిరిగి పడుకొని మోకాళ్ళ మధ్య పల్చని దిండు పెట్టుకోమంది.

పల్చని అన్న మాట నా ప్రాణం మీదికొచ్చింది. ఇంటికొచ్చి సుంకులమ్మ నా మూతి విప్పి సగం దూది లాగేసింది. నేను లోకంలో గొప్ప అనుకున్నదంతా చాటెడు దూది అయి నేల మీద పడింది. ఆ రాత్రి నుంచి మోకాళ్ళ మధ్య నా ఉద్యోగం. ఆమె అటు తిరిగితే నేనూ అటు, ఇటు తిరిగితే ఇటు.

మద్దిలేటి తొమ్మిదికే టీవీ కట్టేయడం మొదలుపెట్టాడు. మొదటి వారం ఇంట్లో ఎవరో పోయినట్టు కప్పువైపు చూస్తూ పడుకున్నాడు. తర్వాత నిద్ర తొందరగా పట్టి, మెలకువా తొందరగా వచ్చి, చేసేది లేక ఎర్రగడ్డలు తరగసాగాడు.

"ముక్కలు లావైనాయి" అంది ఆమె.

"ఉగ్గానిలో ఎవరు కొలుస్తారు?" అన్నాడు కాటా మనిషి.

అంగడి ఏడుకు తెరుస్తున్నారు. పొయ్యి బల్ల మీదికి ఎక్కింది. పొద్దున్నే వచ్చే కొందరు వేరే అంగడికి మళ్ళారు, కొందరు ఏడుదాకా ఆగారు. చలికాలంలో ఆమెకు నొప్పి వస్తూనే ఉంది. బద్ధకం వేసిన రోజు వ్యాయామం ఎగ్గొడుతుంది. అది మరునాడు నడకలో తెలుస్తుంది.

మొన్న ఒక ఉదయం మంచం దిగి వంటింట్లోకి వెళ్ళి తాలింపు పెట్టిన మనిషి, మళ్ళీ గదిలోకి వచ్చి నిలబడింది.

"ఏం పోగొట్టుకున్నావే?" అన్నాడు గడప దగ్గర ఎర్రగడ్డలు తరుగుతున్న మద్దిలేటి.

"ఏం లేదు. ఇందాక లేచేటప్పుడు గోడ పట్టుకున్నానో లేదో గుర్తు రాలేదు."

ఆయన కత్తిపీట దగ్గర నుంచి లేచి వచ్చాడు. "నేనూ చూడలేదు. మళ్ళీ కూర్చోని లెయ్."

ఆమె మంచం అంచున కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. లేచింది. చేతులు ఎటూ పోలేదు.

"తాలింపు మాడుతాంది" అంటూ ఆమె గబగబా బయలుదేరింది.

అప్పటికే నేను మంచం మీద నుంచి జారి దారికడ్డంగా నేల మీద పడి ఉన్నాను. ఎవరూ తీయలేదు. ఆమె నన్ను దాటుకుంటూ పోయింది. దాటేటప్పుడు కాలు బాగానే ఎత్తింది.