చెయ్యకూడనిది ముందు చెప్పు

ఆస్పత్రి రెండో అంతస్తులో ఎక్స్‌రే గది పక్కన, విరిగిన మంచాలు పడేసే గది ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, గోడలకు సున్నం వేయించి, రెండు బల్లలు, రెండు ఫోన్లు, ఒక కంప్యూటరు తెప్పించేసరికి బుజ్జికి తలప్రాణం తోకకొచ్చింది. బుజ్జి ఆ ఆస్పత్రిలో ఫార్మసిస్టు. నలభై దాటినా ఇంటా బయటా అందరికీ బుజ్జే.

పిల్లలు తాగకూడనిది తాగినా, పెద్దవాళ్ళు మాత్రలు మోతాదు మించి వేసుకున్నా, కంట్లో ఏదైనా పడినా ఇంటి నుంచే ఫోను చేసి ఏం చెయ్యాలో తెలుసుకోవడానికి చేసిన ఏర్పాటు అది. తలుపు మీద ‘విష సమాచార కేంద్రం’ అని బోర్డు పెట్టారు. మొదటి వారంలో ఆ బోర్డు చూసి ముగ్గురు తలుపు తట్టారు. ముగ్గురూ ఎక్స్‌రే ఎక్కడ తీస్తారని అడిగారు.

ఫోన్లు మోగడమే తక్కువ. మోగినా అవతలివాళ్ళు సగంలో పెట్టేసేవారు.

“జనానికి మన మీద నమ్మకం లేదండీ,” అన్నాడు కుర్ర డాక్టరు. పగటిపూట ఫోన్ల దగ్గర కూర్చునేది అతనే. చదువులో దిట్ట. కానీ ఫోనెత్తితే చాలు, అతని గొంతు పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లాడి గొంతులా మారిపోయేది.

జనానికి ఎవరి మీద నమ్మకముందో బుజ్జికి బాగా తెలుసు. తను ఉండే వీధిలో ఎవరి పిల్లాడు గుండీ మింగినా, ఏ ముసలాయన దగ్గుమందనుకుని నొప్పుల తైలం తాగినా, ముందు పరిగెత్తుకొచ్చేది బుజ్జి వాళ్ళింటికే. అయితే బుజ్జి కోసం కాదు, వాళ్ళ పెద్దమ్మ కోసం.

పెద్దమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఆ గొంతు వింటే గుక్కపెట్టి ఏడ్చేవాళ్ళు కూడా ఏడుపాపి, “ఆఁ, చెప్పండి,” అంటారు. ధైర్యం చెప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. వైద్యం మాత్రం ఒక్కటే వచ్చు. గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి తాగించి కక్కించడం.

“పెద్దమ్మా, ఇప్పుడు అలా ఎవరూ కక్కించట్లేదు,” అంది బుజ్జి ఒకరోజు. “కొన్నిటికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. అంత ఉప్పు పడితే చిన్నపిల్లలకి ఆ ఉప్పే విషం.”

“నువ్వు పుట్టకముందు నుంచీ తాగిస్తున్నా. ఎవరైనా పోయారా?”

“పోకపోవడం వాళ్ళ అదృష్టం.”

“అంటే నాది హస్తవాసి కాదు, వాళ్ళ అదృష్టమంటావు!”

పెద్దమ్మ పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. బుజ్జికి ఓపిక నశించింది. “సరే, ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకో. కిరసనాయిలు, పెట్రోలు, రంగుల్లో కలిపే థిన్నరు, ఇలా ఘాటుగా వాసనొచ్చేవి తాగితే కక్కించొద్దు. పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.”

పెద్దమ్మ లేచి వెళ్ళి రేడియో గొంతు పెంచింది. ఆ తర్వాత కొన్నాళ్ళు వాళ్ళిద్దరి మధ్య మాటలు ముక్తసరిగానే నడిచాయి.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం, బుజ్జి పనికి వెళ్ళిపోయాక, మేడమీద అద్దెకుండే అమ్మాయి రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని మెట్లన్నీ ఒక్క పరుగులో దిగొచ్చింది. ఆ అమ్మాయి భర్త ఇళ్ళకు రంగులేస్తాడు. మిగిలిన థిన్నరు మంచినీళ్ళ సీసాలో పోసి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. పాప ఒక గుక్క తాగేసింది.

“పెద్దమ్మగారూ, మీరే దిక్కు!”

“కంగారుపడకు, నేనున్నాగా,” అంటూనే పెద్దమ్మ నీళ్ళు వెచ్చబెట్టింది, ఉప్పు కలిపింది, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని గ్లాసు పెదాలకు ఆనించింది. పాప నోటి నుంచి గుప్పున వాసన కొట్టింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“తాగించండి, పెద్దమ్మగారూ!”

“ఉండవే తల్లీ, ఒక్క క్షణం.”

బుజ్జి ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్ళిన కాగితం మీద కేంద్రం నంబరుంది. పెద్దమ్మ ఒక చేత్తో గ్లాసు పట్టుకునే రెండో చేత్తో నంబరు నొక్కింది. బుజ్జి ఆ సమయానికి సూపరింటెండెంటు గదిలో ఉంది. ఫోను కుర్ర డాక్టరు ఎత్తాడు.

“నమస్కారం. విష సమాచార కేంద్రం. మీ పేరు, చిరునామా చెప్పండి.”

“పాప థిన్నరు తాగింది బాబూ.”

“పాప బరువెంతండీ?”

“పాప నా ఒళ్ళో ఉంది నాయనా, తక్కెట్లో లేదు.”

“అంటే... సుమారుగా ఎంత పరిమాణంలో...”

“బాబూ, ఆగు.” పెద్దమ్మ గొంతు ఎక్స్ఛేంజి రోజుల్లోకి వెళ్ళిపోయింది. “ఉద్యోగమంతా ఫోనులో మాట్లాడినదాన్ని. నా మాట విను. చెయ్యకూడనిది ముందు చెప్పు. నా చేతిలో ఉప్పునీళ్ళున్నాయి. తాగించనా, పారబొయ్యనా?”

వెంటనే, “పారబొయ్యండి! కక్కించొద్దు! ఏమీ తాగించొద్దు!” అని అరిచాడు.

“అదీ మాటంటే. ఇప్పుడు చెయ్యాల్సినవి చెప్పు. ఒక్కొక్కటే.”

అతను చెప్తుంటే ఆమె ఒక్కో మాటా పైకి అంటూ పాప తల్లి చేత చేయించింది. నోరు తడిగుడ్డతో తుడిచారు. థిన్నరు ఒలికిన గౌను విప్పేశారు. పాపను నిటారుగా కూర్చోబెట్టారు.

“దగ్గుతోందా అండీ?”

“రెండుమూడుసార్లు దగ్గింది.”

“అయితే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకొచ్చెయ్యండి. ఆ సీసా కూడా తెండి. కింద ఎమర్జెన్సీలో నేను చెప్పి ఉంచుతాను.” ఇప్పుడతని గొంతులో వణుకు లేదు.

బుజ్జి కబురు తెలిసి కిందికి పరిగెత్తేసరికి పాప లోపల పరీక్షలో ఉంది. వరండాలో బెంచీ మీద పెద్దమ్మ థిన్నరు సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బుజ్జిని చూసి, “మీ డాక్టరు బంగారంలాంటి కుర్రాడే,” అంది. “ఫోనెత్తడం ఒక్కటే రాదు.”

బుజ్జికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన కూర్చుంది. పెద్దమ్మే మెల్లగా అంది.

“గ్లాసు పాప పెదాలకి తగిలిందే, బుజ్జీ.”

“తాగించలేదుగా.” బుజ్జి ఆమె చెయ్యి పట్టుకుంది. “అంత కోపంలోనూ నా మాట గుర్తుపెట్టుకున్నావు.”

“నీ మాటని కాదు. ఆ వాసన చూసి భయమేసింది,” అంది పెద్దమ్మ. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పాపను మర్నాటిదాకా కనిపెట్టుకుని ఉండి, ఊపిరి శుభ్రంగా ఉందని నిర్ధారించుకుని ఇంటికి పంపేశారు. ఆ సాయంత్రమే పెద్దమ్మ చెప్పులేసుకుని వీధిలో గడపగడపకూ తిరిగింది.

“ఇవాళ్టి నుంచి నా ఉప్పునీళ్ళు రద్దు. ఎవరూ తాగించొద్దు. ఏదైనా అయితే ఈ నంబరుకి చెయ్యండి.”

“ఊరూ పేరూ తెలియనివాళ్ళని ఎలా నమ్మేది పెద్దమ్మగారూ?” అన్నాడు ఎదురింటి దర్జీ.

“మా బుజ్జి తెలియదా నీకు? మొన్న నీకు సూది గుచ్చుకుంటే కట్టు కట్టిందెవరు? వాళ్ళు సరిగ్గా మాట్లాడకపోతే నాకు చెప్పు, నేను చూసుకుంటా.”

చూసుకోవడానికి ఆమె ఆస్పత్రి దాకా వెళ్ళాల్సొచ్చింది, బుజ్జే పిలిచింది. సూపరింటెండెంటు మొదట ఒప్పుకోలేదు. “మందుల సంగతి తెలియని మనిషి అక్కడేం చేస్తుందమ్మా?”

“మందుల సంగతి మాకు తెలుసండీ. మాట్లాడటం తెలియట్లేదు,” అంది బుజ్జి.

అలా పెద్దమ్మ రోజూ ఉదయం ఆ గదికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. సలహా ఇవ్వడం ఆమె పని కాదు. అది కుర్ర డాక్టరుది, కొత్తగా చేరిన ఇద్దరు నర్సులది. ఆమె మాట నేర్పేది.

“పేరూ ఊరూ తర్వాత. ఏం జరిగిందో విని, ఫలానాది చెయ్యొద్దని ముందు చెప్పాలి. కంప్యూటర్లో వెతికేటప్పుడు నోరు మూసుకు కూర్చోకూడదు. చూస్తున్నానమ్మా, లైన్లోనే ఉన్నానమ్మా అంటూ ఉండాలి. అవతలివాళ్ళకి ఆ నిశ్శబ్దంలో ఎన్ని ఘోరాలు కనిపిస్తాయో! ఇంకోటి. పిల్లలకి అందేలా ఎందుకు పెట్టారని ఎప్పుడూ అడక్కండి. ఆ ప్రశ్న వాళ్ళకి వాళ్ళే జన్మంతా వేసుకుంటారు. మనం అడగక్కర్లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.”

అభ్యాసం కోసం ఆమె వరండాలోకి వెళ్ళి సెల్‌ఫోను నుంచి వాళ్ళకే ఫోను చేసేది. ఒకసారి గుండెలు బాదుకునే తల్లిగా, ఒకసారి చెవుడున్న తాతగా, ఒకసారి తాగి తూలే మొగుడిగా. ఒక రోజు తల్లి వేషం మరీ రక్తికట్టి, ఎక్స్‌రే కోసం కూర్చున్నవాళ్ళలో ఒకాయన చేతికట్టుతోనే లేచి స్ట్రెచరు కోసం పరుగెత్తాడు. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం పెద్దమ్మకే తప్పలేదు.

నెమ్మదిగా ఫోన్లు పెరిగాయి. సగంలో పెట్టేసేవాళ్ళు తగ్గారు. చాలామందికి ఆస్పత్రికి రానక్కర్లేదని చెప్పి ఇంట్లోనే ధైర్యంగా కూర్చోబెట్టడమే వాళ్ళ పనిలో పెద్ద భాగమైంది. రంగు పెన్సిలు కొరికిన పిల్లలు, చెప్పుల పెట్టెలో చెమ్మ పట్టకుండా పెట్టే గింజల పొట్లం మింగిన పిల్లలు, వాళ్ళకంటే ఎక్కువగా వణికే నాన్నలు. సూపరింటెండెంటు మూడో ఫోను కూడా పెట్టించాడు.

మొన్నొక మధ్యాహ్నం ఆ కొత్త ఫోనే మోగింది. కుర్ర డాక్టరు ఎత్తాడు. ఒక ముసలావిడ.

“మా ఆయన చెవిలో వేసుకోవాల్సిన చుక్కలు కంట్లో వేసుకున్నాడు బాబూ. మండిపోతోందంటున్నాడు.”

“కన్ను నలపనివ్వకండి బామ్మగారూ. కుళాయి కింద కన్ను తెరిచి, నీళ్ళు సన్నగా పడేలా పెట్టి కడుగుతూనే ఉండాలి. ఆపమని నేను చెప్పేదాకా ఆపొద్దు. నేను లైన్లోనే ఉంటాను.”

అటు నుంచి నీళ్ళ చప్పుడు, మధ్యలో ముసలాయన సణుగుడు వినిపిస్తున్నాయి. కన్ను బాగా కడగాలంటే చాలాసేపు పడుతుంది. కుర్ర డాక్టరు ఫోను స్పీకర్లో పెట్టి ఆవిడతో తీరిగ్గా కబుర్లాడుతూ కూర్చున్నాడు. మండటం తగ్గాక కూడా సాయంత్రం కంటి డాక్టరుకు చూపించమన్నాడు.

“చూపిస్తాలే నాయనా. పెళ్ళైనప్పటి నుంచీ నా మాట చెవిన వేసుకోని మనిషి. ఆఖరికి చెవిమందు కూడా చెవిన వేసుకోలేదు చూడు!”

కుర్ర డాక్టరు నవ్వు వినపడకుండా చప్పున ఫోను చేత్తో మూశాడు. బుజ్జి బల్ల మీద తల వాల్చి నవ్వుతోంది.

“మూయకు,” అంది పెద్దమ్మ, టీ గ్లాసు అతని ముందు పెడుతూ. “వినిపించనీ. ఆవిడ మనల్ని నవ్వించడానికే అంది.”

అతను చెయ్యి తీశాడు. అటు ముసలావిడ కూడా నవ్వడం మొదలుపెట్టింది.