నెట్ పట్టేదాకా

ఫోన్ పడితే పడింది, మనిషి పడలేదు, అదే పదివేలు అనుకోవాలి, మా ఆయన పై అంతస్తులో లిఫ్ట్ తలుపు తీసి లోపలికి వంగాడట, చొక్కా జేబులోంచి జారి గుంత అడుగుకి వెళ్ళిపోయిందట, ఇన్నేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి జేబులో ఫోన్ పెట్టుకుని వంగుతాడా ఎక్కడైనా, కొత్తగా పనిలో చేరినవాళ్ళకి తనే చెబుతాడు ముందు జేబులు ఖాళీ చేసుకోండిరా అని, కానీ ఈమధ్య ఆయన లేచినా కూర్చున్నా తిన్నా మనసు మాత్రం అక్కడ ఉండటం లేదు, నాది ఉంటోందా ఏంటి, మొన్న నేను పళ్ళు కట్టే ల్యాబులో ఒకావిడ పై పళ్ళ సెట్టుకి ఇంకెవరో పెద్దాయన కింది సెట్టు జతచేసి పంపేశాను, డాక్టరు ఫోన్ చేసి ఏమండీ ఈవిడకి మగాడి దవడ పంపారేంటి అన్నాడు, పాపం నవ్వుతూనే అన్నాడు, నాకే నవ్వు రాలేదు, ఇప్పుడు ఈయన కొత్త ఫోన్ పెట్టె విప్పుకుని సోఫా చివర కూర్చున్నాడు, అద్దం మీద అంటించిన పల్చటి పొర కూడా పీకలేదు, దీనికి ఇంట్లో నెట్ ఎలా పెట్టాలి అన్నాడు, నన్ను అడిగాడో గోడని అడిగాడో తెలియలేదు, నేను నోరు తెరిచేలోపే వంటింట్లో గిన్నెలు కడుగుతున్న అత్తయ్య, దాన్నడగరా, చిటికెలో పెట్టేస్తుంది, అనేసింది.

అనేశాక కుళాయి కట్టేసింది, నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది, ఆయన ఫోన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు, నేను మడతపెడుతున్న దుప్పటినే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాను, ఆవిడ తప్పేముంది, నా నాలుక చివరిదాకా వచ్చిన మాటే ఆవిడ నోట్లోంచి ముందు జారింది, ఫోన్ల గొడవ ఏదొచ్చినా దాన్నడుగు అనడం ఈ ఇంటికి అలవాటు, అది లేదని నాలుక్కి ఎవరు చెబుతారు, మా పిడుగు లేదని, పిడుగు అని పేరు పెట్టింది అత్తయ్యే, పుట్టగానే అది పెట్టిన కేకకి నర్సు చేతిలో పళ్ళెం వదిలేసిందని, అంత గొంతున్న పిల్లకి చివరికి మెట్లెక్కితే ఆయాసం, గట్టిగా నవ్వితే ఆయాసం, గుండెలో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు, కోశారు, కుట్టారు, మళ్ళీ కోశారు, చదువు ఆగిపోయింది, స్నేహితురాళ్ళు మొదట్లో వచ్చారు, తర్వాత ఫోన్లు చేశారు, తర్వాత వాళ్ళకీ ఉద్యోగాలొచ్చాయి, ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాం, ఇప్పుడా మంచం లేదు, సోఫా జరిపాం, జరిపినా సరే ఆ మూలకి వచ్చేసరికి నా కాళ్ళు ఇప్పటికీ మంచం కోడు తగలకుండా పక్కకి తప్పుకుంటాయి.

కంపెనీ వాణ్ణి పిలవండిరా, అని అత్తయ్య మళ్ళీ, ఈసారి గొంతు తగ్గించి, చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది, మా మొహాలు చూడటం లేదు, పక్కింటి వాళ్ళకి వాడే వచ్చాడు, ఆ నెట్ పెట్టె తీసి ఏదో నొక్కి కొత్త పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళాడు, అంటోంది, వద్దు, అన్నాడాయన, నేను కూడా అదే అనబోతున్నాను, నాకంటే ముందు ఆయన అన్నాడు, అంత గట్టిగా ఈమధ్య ఆయన ఏ మాటా అనలేదు, వద్దంటే వద్దులే, అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది, కొత్తది పెడితే పాతది పోతుంది కదా, పిడుగు పెట్టింది పోతుంది, అది ఈ ఇంట్లో వదిలివెళ్ళిన ఆఖరి మాట అదే, మాకెవరికీ తెలియని మాట, దాని ఫోన్ బీరువాలో బట్టల కింద ఉంది, దాన్ని ఛార్జింగ్ పెట్టే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఎన్నిసార్లు మార్చేదో, ఇంట్లో ఛార్జింగ్ ప్లగ్గులు సరిగ్గా పనిచేసేది ఆ మంచం పక్కనే కాబట్టి అందరి ఫోన్లూ రాత్రి దాని తలాపునే పడుకునేవి, పొద్దున లేచి చూస్తే నెట్ ఉండేది కాదు, పిడుగూ నెట్ పోయిందే అంటే, పోలేదు, పాస్‌వర్డ్ మార్చాను అనేది, మొన్నే కదే మార్చావు, హ్యాకర్లమ్మా, పళ్ళు కట్టే నీకేం తెలుస్తుంది, ఇలా తే ఫోన్, అని తన ఫోన్‌లో స్కాన్ చేసే ఆ నల్లటి గళ్ళ చదరం తెరిచి, కింద ఏదో రాసి ఉంటే దాన్ని అరచేత్తో మూసి, నా ఫోన్ దాని ఎదురుగా పట్టుకునేది, ఇచ్చేసి వెళదామంటే కుదిరేది కాదు, ఓనరు పక్కనే ఉండాలి, పట్టేదాకా కూర్చోవాలి, లేస్తే తెగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది, అని బెదిరించేది, ఎంతసేపే అంటే, ఓ పావుగంట, మన నెట్ నానమ్మలాగే, నిదానం, అనేది, లోపల్నించి అత్తయ్య నీ నోరు పడ అని తిట్టేది, అత్తయ్యకీ అంతే, వంటల వీడియోలు ఆగిపోగానే మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి మంచం అంచున కూలబడేది, దువ్వెన కూడా తెచ్చుకునేది, పట్టేలోపు దాని జడన్నా వేయొచ్చని, ఈయనైతే గ్రీజు చేతులతో వచ్చి పరుపుకి అంటకుండా చేతులు గాల్లో పెట్టుకుని కూర్చునేవాడు, ఊరికే ఎందుకు, ఏదో ఒకటి చెప్పండి నాన్నా అనేది, లిఫ్ట్ మధ్యలో ఆగితే అందులో ఉన్నవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో పైనుంచి తనకి వినిపించేవన్నీ చెప్పేవాడు, ఒకసారి పెళ్ళి మాటలు లిఫ్ట్‌లోనే కుదిరిపోయాయట, తలుపు తీసేసరికి మీరే పెద్దమనిషి అన్నారట, నేనేమో పళ్ళ కథలు చెప్పేదాన్ని, ముందుపళ్ళ మధ్య సందు పెట్టమని పట్టుబట్టిన ముసలాయన సంగతి, సందు లేకపోతే ఈల వేయడం రాదని, ఈల వేయకపోతే ఇంటావిడ గేటు తీయదని, అది విని పిడుగు పడీ పడీ నవ్వి ఆయాసంతో దగ్గి, వద్దే నవ్వొద్దే అని నేను వీపు నిమురుతుంటే, ఆగకమ్మా, ఇంకా పట్టలేదు, చెప్పు, ఆ తర్వాత ఇంటావిడ గేటు తీసిందా, అని.

ఆమధ్య ల్యాబులో రిసెప్షన్ అమ్మాయిని ఊరికే అడిగినట్టు అడిగాను, నా ఫోన్‌కి పట్టిన ఇంటి నెట్‌ని ఇంకో ఫోన్‌కి కూడా పెట్టొచ్చా అని, చిటికెలో పనండీ, ఇక్కడ నొక్కితే చదరం వస్తుంది, దాని కింద పాస్‌వర్డ్ అక్షరాల్లోనే ఉంటుంది, చూసి కొట్టుకున్నా సరే, అంది, అక్షరాల్లోనే ఉంటుంది అన్న దగ్గర్నించి నాకు నిద్ర లేదు, అప్పటినుంచి అక్కడిదాకా వెళ్ళడం, వేలు వెనక్కి తీసుకోవడం, మైనంలో ఒక్కొక్క పన్ను కూర్చుతూ ఆలోచిస్తాను, ఏం పెట్టి ఉంటుంది, నా పేరు పెట్టి ఉంటుందా, పెట్టి ఉంటే బావుండు, ఎవరైనా అబ్బాయి పేరా, అదైనా బావుణ్ణు, ఒక పేరన్నా ఉండేదని తెలిస్తే, లేకపోతే, ఇదే భయం, నోటితో మాకు చెప్పలేనిదేదైనా పెట్టిందేమో, ఎప్పుడూ భయమేస్తోందమ్మా అనలేదు, ఆపరేషన్‌కి తీసుకెళుతున్నప్పుడు కూడా నర్సుతో మా అమ్మ మీ పళ్ళే చూస్తోంది జాగ్రత్త అంది, ఆ మూసిన అరచేతి కింద ఉన్నది భయమేస్తోంది అన్న మాటే అయితే, రోజూ నా పక్కనే పెట్టుకుని నాకు చూపించకుండా మూసేసి ఉంటే, అది నేను ఇప్పుడు చదవాలా.

ఇలా తెండి, అన్నాను, దుప్పటి పక్కన పడేసి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను, బొటనవేలు పెడితే నా ఫోన్ ఒప్పుకోలేదు, పళ్ళ అచ్చుల ప్లాస్టర్ పిసికీ పిసికీ నా వేళ్ళ మీద గీతలెక్కడివి, గుర్తు గీసి తెరిచాను, అమ్మాయి చెప్పిన చోట నొక్కాను, చదరం వచ్చింది, కింద ఏదో ఉంది, చూడకముందే అరచెయ్యి అడ్డం పెట్టేశాను, అచ్చం అది పెట్టినట్టే, ఈయన తన ఫోన్ ఎదురుగా పట్టుకున్నాడు, కూర్చోండి, లేవకండి, పట్టేదాకా లేస్తే తెగిపోతుంది, అన్నాను, అని ఇంకా నోరు మూయలేదు, పట్టేసింది, అన్నాడాయన.

అప్పుడేనా, అన్నాను, అప్పుడే, అన్నాడు, కొత్త ఫోన్ కదా అందుకే కాబోలు, అన్నాను, కొత్తదైనా పాతదైనా అంతేనే, పనికెళ్ళిన సైట్లలో నెట్ పెట్టుకుంటూనే ఉంటాగా, అన్నాడు, నేను ఆయన మొహం చూశాను, చూసి ఎన్నాళ్ళయిందో, గడ్డం సగం తెల్లబడింది, మీకు తెలుసా, తెలుసు, మరి పావుగంట పావుగంట కూర్చునేవారుగా, కూర్చోమనేది, కూర్చునేవాణ్ణి, అన్నాడు, నా చేతిమీద చెయ్యి వేసి, తియ్యి, ఏం కాదు, అన్నాడు, ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే నేను చెయ్యి తీసేశాను, చూశాను, ఏమీ లేదక్కడ, పేరు కాదు, మాట కాదు, అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా ఏదో, నోటికి తిరగనిది, ఇదేంటండీ, అన్నాను, నెట్ పెట్టెతో వచ్చిందే, గోడకి బిగించింది నేనేగా, కింద స్టిక్కరు మీద అదే ఉంటుంది, అన్నాడు, మరి మార్చినవి, ఎప్పుడూ మార్చలేదు, తెల్లారకముందే మన ఫోన్లు తీసి ఒక్కొక్కదాంట్లో నెట్ చెరిపేసేది, ఒకసారి నీళ్ళకి లేచి చూశాను, దుప్పటి కింద ఒక్కతే నవ్వుకుంటోంది, నేను చూశానని దానికి తెలియదు, మళ్ళీ వెళ్ళి పడుకున్నాను.

నాకెందుకు చెప్పలేదు మీరు, అని అడిగాను, చెబితే నువ్వు స్టిక్కరు చూసి కొట్టుకునేదానివి, అన్నాడు, అందులో తిట్టేం లేదు, ఉన్నదే అన్నాడు, నిజమే, కొట్టుకునేదాన్ని, బస్సు వేళవుతోంది, పొయ్యి మీద పాలున్నాయి, ల్యాబులో అచ్చులు ఆరిపోతాయి, నాకెప్పుడూ ఏదో ఒకటి ఆరిపోతూనే ఉండేది, మరి స్టిక్కరు మీద ఉందని తెలిసీ ఇప్పుడు నన్నెందుకు అడిగారు అనబోయాను, అనలేదు, ఎందుకడిగాడో తెలుస్తూనే ఉంది, మనిషి నావైపు జరిగాడు కొంచెం, మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది, వంటింట్లో అత్తయ్య ఏ చప్పుడూ చేయకుండా నిలబడి ఉంది, ఏడుస్తోందని తెలుస్తోంది, పిలిస్తే వస్తుంది, పిలవాలి, ఇన్నాళ్ళూ ఆ మూసిన చేతికింద ఏం మాట ఉందో అని కొట్టుకున్నాను, అక్కడ మాటే లేదు, దానికి దాచాల్సింది ఏమీ లేదు, నవ్వుతోందని ఆయన అన్నాడు, ఆ సంగతి నేనిప్పుడు నమ్ముతున్నాను, నవ్వుతూనే చేసింది, పడుకుని పడుకుని పైకప్పు చూసి చూసి విసిగిపోయిన పిల్ల, ముగ్గురు మనుషులున్న ఇంట్లో పొద్దుట్నించి ఒక్కతే, అందరమూ దాని మందుల కోసమే పరిగెడుతున్నామని దానికి తెలుసు, అందుకే అడగలేదు, కాసేపు కూర్చోమ్మా అని నోరు తెరిచి అడిగితే, ఉండవే పనుంది, వస్తానుండు, అంటానని తెలిసి, నా బిడ్డ నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడం కోసం నా ఫోన్ చెడగొడుతూ వచ్చింది.